గుండె వాల్వ్ మార్చాక ఇంటికొచ్చారా? అసలు పరీక్ష అప్పుడే మొదలు.. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాసులు ముందే తెలుసుకోవాల్సినవి ఇవే!

నాలుగు మెట్లెక్కితే ఆయాసం. రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, లేచి కూర్చుంటే గానీ కుదుటపడదు. సాయంత్రానికి కాళ్లు వాస్తాయి. వయసు చూస్తే పాతికో, ముప్పయ్యో. 'రక్తం తక్కువైందేమోలే' అని కొన్నాళ్లు టానిక్ తాగుతారు. 'ఆస్తమా ఏమో' అని ఇంకొన్నాళ్లు మందులు వాడతారు. చివరికి ఎకో తీయించాక డాక్టర్ చెప్పే మాట ఒకటే.. "వాల్వ్ పాడైంది, సివియర్‌గా ఉంది, ఆపరేషన్ చేయాలి."

ఆ మాట విన్నాక ఇంట్లో మొదటి ప్రశ్న 'ఎంతవుతుంది?' రెండో ప్రశ్న 'ఎక్కడ చేయించాలి?' చాలామంది అడగని మూడో ప్రశ్న ఒకటుంది. 'ఏ రకం వాల్వ్ వేస్తారు? దాన్ని మా ఊళ్లో ఎలా చూసుకోవాలి?' రోగి భవిష్యత్తు చాలావరకు తేలేది ఈ మూడో ప్రశ్న దగ్గరే. ఎందుకంటే ఆపరేషన్ కొన్ని గంటల పని. ఆ వాల్వ్‌ను కాపాడుకోవడం ఏళ్ల తరబడి ఇంటి దగ్గర చేయాల్సిన పని.

ముఖ్యాంశాలు ఒక్క చూపులో..

* చిన్నప్పటి గొంతునొప్పే పెద్దయ్యాక వాల్వ్ జబ్బుగా బయటపడొచ్చు
* వాల్వ్ పాడైన ప్రతి ఒక్కరికీ మార్చాల్సిన అవసరం లేదు. బెలూన్, రిపేర్ లాంటి దారులున్నాయి
* మెటల్ వాల్వ్ వేస్తే జీవితాంతం రక్తం పలచబడే మందు, ఐఎన్‌ఆర్ టెస్ట్ తప్పవు
* పెళ్లి కావాల్సిన, పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు ఆ విషయం ఆపరేషన్‌కు ముందే డాక్టర్‌కు చెప్పాలి

అసలు వాల్వ్ అంటే ఏంటి?

గుండెలో నాలుగు గదులు, నాలుగు వాల్వ్‌లు ఉంటాయి. తెలుగులో కవాటాలు అంటాం. బావి మోటార్ పైపుకు అడుగున ఫుట్‌వాల్వ్ ఉంటుంది కదా, నీళ్లు పైకి పోనిచ్చి వెనక్కి జారకుండా ఆపేది. గుండె వాల్వ్ పని కూడా అదే. రక్తాన్ని ముందుకు వదలాలి, వెనక్కి రానివ్వకూడదు.

ఇది రెండు రకాలుగా పాడవుతుంది. ఒకటి, రేకులు అతుక్కుపోయి దారి ఇరుకైపోవడం. దీన్ని స్టెనోసిస్ అంటారు. రెండోది, రేకులు సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారడం. దీన్ని రిగర్జిటేషన్, మామూలు మాటల్లో 'లీక్' అంటారు. కొందరికి రెండూ ఉంటాయి. ఎక్కువగా దెబ్బతినేవి గుండె ఎడమ వైపున్న మైట్రల్, అయోర్టిక్ వాల్వ్‌లు.

గొంతునొప్పికీ గుండెకూ ఏం సంబంధం?

మన దగ్గర చిన్న వయసులో వాల్వ్ పాడవడానికి పెద్ద కారణం రుమాటిక్ జ్వరం. 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకు స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియాతో గొంతునొప్పి వస్తుంది. సరైన చికిత్స అందకపోతే కొందరిలో రెండు మూడు వారాల తర్వాత జ్వరం, కీళ్ల వాపులు మొదలవుతాయి. ఈ రోజు మోకాలు, రేపు మోచేయి.. నొప్పి ఇలా మారుతూ ఉంటుంది. బ్యాక్టీరియాతో పోరాడాల్సిన రోగనిరోధక శక్తి పొరపాటున సొంత గుండె వాల్వ్‌ల మీదే దాడి చేస్తుంది. కీళ్ల నొప్పులు తగ్గిపోతాయి, మచ్చలు మాత్రం వాల్వ్ మీద మిగిలిపోతాయి. పదేళ్లకో ఇరవై ఏళ్లకో ఆయాసం రూపంలో బయటపడతాయి.

ప్రపంచవ్యాప్తంగా ఈ జబ్బుతో బతుకుతున్నవాళ్లు 4 కోట్లకు పైమాటే. ఎక్కువమంది పేద, మధ్యాదాయ దేశాల వాళ్లే. అందుకే 2018లో ప్రపంచ ఆరోగ్య సభ దీనిపై ప్రత్యేకంగా తీర్మానం చేసింది.

ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు సాధారణంగా మూడు వారాలకోసారి బెంజథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇస్తారు. మళ్లీ గొంతు ఇన్ఫెక్షన్ వచ్చి వాల్వ్ ఇంకా దెబ్బతినకుండా ఇది కాపలా కాస్తుంది. ఏళ్ల తరబడి వేయించుకోవాలి. చాలామంది 'బాగానే ఉన్నాడు కదా' అని మధ్యలో మానేస్తారు. నష్టం జరిగేది అక్కడే. ఇంకో ముఖ్యమైన మాట.. వాల్వ్ ఆపరేషన్ అయిపోయినంత మాత్రాన ఈ ఇంజెక్షన్ ఆపేయకూడదు. ఎప్పటిదాకా అన్నది డాక్టరే చెప్పాలి.

పెద్ద వయసు వాళ్లలో కథ వేరు. 65 దాటాక అయోర్టిక్ వాల్వ్‌పై కాల్షియం పేరుకుని గట్టిపడిపోతుంది. కొందరికి పుట్టుకతోనే వాల్వ్‌లో లోపం ఉంటుంది.

'సివియర్' అని ఎప్పుడంటారు?

ఎకో రిపోర్టులో ఈ లెక్కలు కనిపిస్తాయి. మామూలు మైట్రల్ వాల్వ్ దారి 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు. అది 1.5 లేదా అంతకంటే తగ్గితే సివియర్ కింద లెక్క. అయోర్టిక్ వాల్వ్ మామూలుగా 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్లు. 1 లేదా అంతకంటే తగ్గితే సివియర్.

అయోర్టిక్ వాల్వ్ ఇరుకై, దానివల్ల ఆయాసం, ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి మొదలయ్యాయంటే ఆలస్యం ప్రాణాంతకం. చికిత్స లేకుండా వదిలేస్తే ఆ తర్వాత సగటున రెండు నుంచి ఐదేళ్లే. మందులతో ఆయాసం కొంత తగ్గుతుంది గానీ, ఇరుకైన దారి తెరుచుకోదు. 'మందులతో చూద్దాంలే' అని నెలలు గడపడం అందుకే ప్రమాదం.

వాల్వ్ మార్చడం ఒక్కటే మార్గమా?

కాదు. నాలుగు దారులున్నాయి.

1. బెలూన్: రుమాటిక్ జబ్బుతో మైట్రల్ వాల్వ్ ఇరుకై, రేకులు ఇంకా మెత్తగా ఉండి, పెద్ద లీక్ లేకపోతే ఛాతీ కోయకుండానే పని అవుతుంది. తొడ దగ్గరి రక్తనాళం నుంచి సన్నని ట్యూబ్ పంపి, బెలూన్ ఉబ్బించి అతుక్కున్న రేకుల్ని విడదీస్తారు. జపాన్ డాక్టర్ కంజి ఇనోయ్ 1980ల్లో తెచ్చిన పద్ధతి ఇది. మన దేశంలో పెద్ద ఎత్తున చేస్తారు. బెంగళూరు జయదేవ ఆసుపత్రి దీనికి బాగా పేరున్న చోటు. కొన్నేళ్ల తర్వాత దారి మళ్లీ ఇరుకయ్యే అవకాశం ఉంది కాబట్టి చెకప్‌లు తప్పవు.

2. రిపేర్: సొంత వాల్వ్‌నే కుట్టి, రింగ్ వేసి సరిచేస్తారు. లీక్ ఉన్న మైట్రల్ వాల్వ్‌కు కుదిరితే ఇదే మేలు. రుమాటిక్ వాల్వ్ గట్టిపడిపోయి ఉంటే ఇది కష్టం.

3. మార్పిడి: పాడైన వాల్వ్ తీసేసి కృత్రిమ వాల్వ్ కుడతారు.

4. టావీ: తొడ నుంచి ట్యూబ్ ద్వారానే అయోర్టిక్ వాల్వ్ అమర్చే పద్ధతి. 2002 ఏప్రిల్ 16న ఫ్రాన్స్‌లో డాక్టర్ అలాన్ క్రిబియే మొదటిసారి చేశారు. ఎక్కువగా పెద్ద వయసు వాళ్లకు, ఓపెన్ సర్జరీ తట్టుకోలేని వాళ్లకు. ఖర్చు ఎక్కువ.

ఆపరేషన్ రోజు ఏం జరుగుతుంది?

ఛాతీ మధ్య ఎముకను నిలువుగా తెరుస్తారు. రక్తాన్ని హార్ట్ లంగ్ మెషిన్‌కు మళ్లిస్తారు. గుండె, ఊపిరితిత్తుల పని కాసేపు ఆ మెషిన్ చేస్తుంది. గుండెను మందుతో ఆపి, పాడైన వాల్వ్ కత్తిరించి, కొత్తది కుట్టి, మళ్లీ కొట్టుకునేలా చేస్తారు. మామూలుగా మూడు నుంచి ఐదు గంటల పని. తర్వాత రెండు మూడు రోజులు ఐసీయూ. అంతా సవ్యంగా ఉంటే వారం పది రోజుల్లో డిశ్చార్జ్.

ఈ మెషిన్‌ను మనిషి మీద మొదట విజయవంతంగా వాడింది 1953లో అమెరికాలో డాక్టర్ జాన్ గిబ్బన్. 1960లో ఆల్బర్ట్ స్టార్, లోవెల్ ఎడ్వర్డ్స్ తయారు చేసిన బంతి వాల్వ్‌తో మైట్రల్ వాల్వ్ మార్పిడికి దారి తెరుచుకుంది. అందులో స్టార్ డాక్టర్ అయితే, ఎడ్వర్డ్స్ ఇంజనీర్.

ఇంటికొచ్చాక ఛాతీ ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అప్పటిదాకా బిందెలు మోయడం, టమాటా బాక్సులు ఎత్తడం, బైక్, ట్రాక్టర్ నడపడం బంద్. పాడి ఉన్న ఇళ్లలో పాలు పిండటం, గడ్డి మోపులు మోయడం కూడా ఇంకెవరైనా చూసుకోవాల్సిందే.

మెటల్ వాల్వా? టిష్యూ వాల్వా?

అసలు నిర్ణయం ఇక్కడే.

మెటల్ వాల్వ్, అంటే మెకానికల్. చాలాకాలం మన్నుతుంది, దశాబ్దాలు పనిచేస్తుంది. కానీ దాని మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. అందుకే వార్ఫరిన్ లేదా అసినోకౌమరాల్ అనే రక్తం పలచబడే మాత్ర జీవితాంతం వేసుకోవాలి. క్రమం తప్పకుండా ఐఎన్‌ఆర్ రక్త పరీక్ష చేయించాలి.

టిష్యూ వాల్వ్ పంది వాల్వ్ నుంచో, ఆవు లేదా గేదె జాతి పశువుల గుండె పొర నుంచో తయారవుతుంది. సాధారణంగా మొదటి కొన్ని నెలలు మాత్రమే ఆ మందు చాలు. గుండె లయ తప్పి ఉంటే మాత్రం కొనసాగించాల్సి రావచ్చు. మైనస్ ఏంటంటే, ఇది అరుగుతుంది. పది పదిహేనేళ్లకు మళ్లీ ఆపరేషన్ అవసరం పడొచ్చు. వయసు ఎంత తక్కువైతే అంత త్వరగా పాడవుతుంది.

మామూలు లెక్క ప్రకారం 50 లోపు వాళ్లకు మెటల్, 65 దాటితే టిష్యూ వైపు మొగ్గు చూపుతారు. మధ్యలో ఉన్నవాళ్లకు మాట్లాడుకుని నిర్ణయిస్తారు. అయితే వయసు ఒక్కటే చూస్తే సరిపోదు. నెలనెలా టెస్ట్ చేయించగలరా? ఇంట్లో మందు గుర్తుపెట్టి ఇచ్చేవాళ్లు ఉన్నారా? పనుల కోసం ఊళ్లు మారుతుంటారా? ఇవన్నీ డాక్టర్‌కు చెప్పాల్సింది మీరే. మీ ఇంటి సంగతి ఎకో రిపోర్టులో కనపడదు.

మనవాళ్లు తయారు చేసిన వాల్వ్ కూడా ఉంది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ ఎం.ఎస్.వలియత్తాన్ నాయకత్వంలో తయారైన చిత్ర వాల్వ్. మూడు మోడళ్లు ఫెయిలయ్యాక నాలుగోది నిలబడింది. 1990 డిసెంబర్ 6న మొదటిసారి రోగికి అమర్చారు. తర్వాత టీటీకే సంస్థ మార్కెట్లోకి తెచ్చింది. దిగుమతి వాల్వ్‌ల ధర భరించలేని ఎన్నో కుటుంబాలకు అది దారి చూపింది. గుర్తుంచుకోండి, ఇది కూడా మెకానికల్ వాల్వే. మందు, ఐఎన్‌ఆర్ దీనికీ తప్పవు.

ఆడపిల్లల విషయంలో మొహమాటం వద్దు

రుమాటిక్ వాల్వ్ జబ్బు ఆడవాళ్లలో ఎక్కువ. చాలామందికి గర్భం వచ్చినప్పుడే ఆయాసం పెరిగి మొదటిసారి బయటపడుతుంది.

మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకు గర్భం హై రిస్క్. వార్ఫరిన్ మొదటి నెలల్లో బిడ్డ అవయవాల ఎదుగుదలను దెబ్బతీయొచ్చు. అలాగని భయపడి మందు ఆపేస్తే వాల్వ్‌పై గడ్డకట్టి తల్లి ప్రాణానికే ముప్పు. మధ్యేమార్గంగా హెపారిన్ ఇంజెక్షన్లు, డోస్ మార్పులు ఉంటాయి. అవి గుండె డాక్టర్, గైనకాలజిస్ట్ కలిసి ముందే ప్లాన్ చేయాలి.

అందుకే 'పెళ్లి కాలేదు', 'పిల్లలు కావాలి' అన్న మాట ఆపరేషన్‌కు ముందే చెప్పండి. ఈ ఒక్క మాటతో వాల్వ్ ఎంపిక మారిపోవచ్చు. 'పెళ్లి చెడిపోతుందేమో' అని ఆపరేషన్ సంగతి అత్తింటి వాళ్ల దగ్గర దాచి, మాత్రలు దొంగచాటుగా వేసుకోవాల్సిన పరిస్థితి అమ్మాయికి తెచ్చిపెట్టకండి. దాచిపెట్టిన మందు ఏదో ఒక రోజు మిస్ అవుతుంది.

ఐఎన్‌ఆర్.. ఈ మూడక్షరాలు మర్చిపోవద్దు

రక్తం గడ్డకట్టడానికి ఎంత టైమ్ పడుతుందో చెప్పే లెక్క ఇది. మందు వాడనివాళ్లకు 1 చుట్టూ ఉంటుంది. మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకు సాధారణంగా అయోర్టిక్ అయితే 2 నుంచి 3, మైట్రల్ అయితే 2.5 నుంచి 3.5 మధ్య ఉంచాలంటారు. మీ టార్గెట్ ఎంతో మీ డాక్టర్ దగ్గర రాయించుకోండి.

తక్కువైతే వాల్వ్‌పై గడ్డ, పక్షవాతం. ఎక్కువైతే చిగుళ్ల నుంచి, మూత్రంలో, ఒక్కోసారి మెదడులో రక్తస్రావం. మొదట్లో వారం వారం, కుదురుకున్నాక నెలకోసారి చేయిస్తారు.

దీని కోసం ప్రతిసారీ బెంగళూరు బస్సెక్కాల్సిన పని లేదు. మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో మీకు దగ్గరి ఆసుపత్రిలోనో ల్యాబ్‌లోనో చేస్తారేమో డిశ్చార్జ్‌కు ముందే కనుక్కోండి. వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌లో చేయించండి. రిపోర్టును ఫోన్‌లో డాక్టర్‌కు పంపితే డోస్ మార్చి చెప్పే ఏర్పాటు ఉందా అని అడగండి. ఓ నోటుబుక్‌లో తేదీ, ఐఎన్‌ఆర్, డోస్ రాసుకోండి.

మాత్ర రోజూ ఒకే టైమ్‌కు వేసుకోవాలి. ఒకరోజు మర్చిపోతే మర్నాడు డబుల్ వేయకూడదు. 'టెస్టులు అవసరం లేని కొత్త మందులున్నాయట కదా' అని ఎవరైనా అంటే నమ్మొద్దు. డాబిగాట్రాన్ అనే కొత్త మందును మెటల్ వాల్వ్ రోగుల్లో పరీక్షిస్తే గడ్డలు, రక్తస్రావం రెండూ పెరిగాయి. ఆ పరీక్షను మధ్యలోనే ఆపేశారు.

ఆకుకూరలు మానేయాలా?

చాలామందికి ఇదే డౌట్. ఆకుకూరల్లో విటమిన్ కె ఎక్కువ, అది ఈ మందుకు ఎదురు పనిచేస్తుంది. అలాగని సంగటిలోకి పులగూర, ఆకుకూర పప్పు మానేయాల్సిన పని లేదు. తినేది ప్రతి వారం ఒకే తీరుగా ఉండాలి. ఒక వారం రోజూ మునగాకు, ఇంకో వారం అసలు ఆకే లేదు.. ఇలా చేస్తేనే ఐఎన్‌ఆర్ ఊగిపోతుంది. మదనపల్లె టమాటాకు మాత్రం భయపడక్కర్లేదు, అందులో విటమిన్ కె తక్కువే. మద్యం మాత్రం వద్దే వద్దు.

ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ అడిగి తెచ్చుకోవద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. జ్వరానికి నడుముకు ఇంజెక్షన్ వేయించుకునే అలవాటు మన ఊళ్లలో ఎక్కువ. కండకు వేసే ఇంజెక్షన్‌తో లోపల రక్తం గడ్డ కట్టొచ్చు. అందుకే ఏ ఇంజెక్షన్‌కైనా ముందు, పెన్సిలిన్ వేయించుకునేవాళ్లు కూడా, 'నాకు వాల్వ్ ఆపరేషన్ అయింది, రక్తం పలచబడే మందు వాడుతున్నా' అని చెప్పండి. కొన్ని యాంటీబయోటిక్స్, నాటు మందులు కూడా ఐఎన్‌ఆర్‌ను మార్చేస్తాయి. పన్ను పీకించుకునే ముందు కూడా ఇదే మాట చెప్పాలి. నోట్లోని బ్యాక్టీరియా రక్తంలోకి వెళ్లి కొత్త వాల్వ్‌కు ఇన్ఫెక్షన్ తేవొచ్చు. దానికి ముందే యాంటీబయోటిక్ ఇస్తారు.

ఎక్కడికి వెళ్లాలి? డబ్బు సంగతేంటి?

ఒకప్పుడు ఛాతీ జబ్బంటే దూరదూరాల నుంచి జనం మదనపల్లెకే వచ్చేవాళ్లు. 1915లో మొదలైన ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రికి అంత పేరు. ఇప్పుడు గుండె వాల్వ్ సర్జరీ అంటే ఇక్కడివాళ్లు ఎక్కువగా నాలుగు వైపులకు వెళ్తున్నారు.

* తిరుపతి: టీటీడీ ఆధ్వర్యంలోని స్విమ్స్‌లో గుండె శస్త్రచికిత్స విభాగం ఉంది. పిల్లల కోసం 2021 అక్టోబర్‌లో శ్రీ పద్మావతి హృదయాలయం మొదలైంది.
* పుట్టపర్తి: శ్రీ సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 1991 నుంచి ఉచితంగా గుండె ఆపరేషన్లు చేస్తోంది. మదనపల్లె వాళ్లకు కదిరి మీదుగా దారి. 2001లో బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోనూ ఉచిత ఆసుపత్రి పెట్టారు.
* వేలూరు: సీఎంసీ. మన దేశంలో ఓపెన్ హార్ట్ సర్జరీలు మొదలైన తొలి చోట్లలో ఒకటి. పుంగనూరు వాళ్లకు పలమనేరు, చిత్తూరు మీదుగా రోడ్డు. కుప్పం వాళ్లకు నేరుగా కాట్పాడికి రైలు.
* బెంగళూరు: జయదేవ, నారాయణ లాంటి పెద్ద ఆసుపత్రులు. కుప్పం నుంచి రైల్లో బంగారుపేట మీదుగా వెళ్లొచ్చు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో వాల్వ్ మార్పిడి ఆపరేషన్లు ఉన్నాయి. అయితే మీరు వెళ్లే ఆసుపత్రి, మీకు చేయబోయే ఆపరేషన్ పథకంలో ఉన్నాయో లేదో 104కు ఫోన్ చేసో, ఆసుపత్రిలోని పథకం డెస్క్‌లోనో ముందే కన్ఫర్మ్ చేసుకోండి. పక్క రాష్ట్రం వెళ్లేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఆపరేషన్ అయ్యాక నెలనెలా మందులు, టెస్టుల ఖర్చు ఎవరు భరిస్తారో కూడా అప్పుడే అడగండి.

డిశ్చార్జ్ రోజు ఈ ఆరు అడగకుండా బయటికి రావొద్దు

1. నాకు వేసిన వాల్వ్ ఏది? దాని కార్డు ఇస్తారా?
2. నా ఐఎన్‌ఆర్ ఎంత నుంచి ఎంత మధ్య ఉండాలి?
3. మొదటి టెస్ట్ ఏ తేదీన? రిపోర్ట్ ఎవరికి పంపాలి?
4. పెన్సిలిన్ ఇంజెక్షన్ కొనసాగించాలా? ఎప్పటిదాకా?
5. అర్ధరాత్రి ఏదైనా జరిగితే ఏ నంబర్‌కు ఫోన్ చేయాలి?
6. మళ్లీ ఎకో ఎప్పుడు?

ఇవి కనిపిస్తే ఆగొద్దు.. వెంటనే 108

మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒకవైపు చేయి కాలు పడిపోవడం. ఉన్నట్టుండి ఆయాసం ఎక్కువవడం. మెటల్ వాల్వ్ టిక్‌టిక్ శబ్దం తగ్గినట్టో, మారినట్టో అనిపించడం. తలకు దెబ్బ తగలడం. నల్లటి విరేచనం, ఆగని రక్తస్రావం. ఇక చలిజ్వరం రెండు మూడు రోజులైనా తగ్గకపోతే సొంతంగా యాంటీబయోటిక్ మింగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ముందే మందు వాడేస్తే వాల్వ్ ఇన్ఫెక్షన్ రక్త పరీక్షలో దొరకకుండా పోతుంది.

వాల్వ్ మార్పించుకున్నవాళ్లు చాలామంది పొలం పనులకు, కొట్టుకు, ఆఫీసుకు మళ్లీ మామూలుగా వెళ్తున్నారు. సర్జన్ తన పని తాను చేసేశాడు. ఇక రాత్రి ఎనిమిదింటికి 'నాయనా, మాత్ర ఏసుకున్యావా?' అని అడిగే మనిషి ఇంట్లో ఒకరుండాలి. మీ ఇంట్లో అది ఎవరో ఆపరేషన్‌కు ముందే తేల్చుకోండి.

(ఈ కథనం అవగాహన కోసమే. మందుల డోస్, ఆపరేషన్ నిర్ణయాలు మీ డాక్టర్ సలహాతోనే తీసుకోండి.)